విమానం క్యాబిన్‌లో కరెంటు భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

సీటు ముందు తెర, చేతి కింద యూఎస్‌బీ, తలపైన చదువుకునే దీపం, వెనక గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో, ఓవెన్లు, టాయ్‌లెట్‌లో ఫ్లష్ మోటారు. వీటిలో ఏదీ పని చేయకపోయినా విమానం ఎగురుతుంది, దిగుతుంది. అందుకే చాలాకాలం వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఈ సౌకర్యాలకు వెళ్ళే తీగలూ, విమానాన్ని నడిపే తీగలూ చాలాచోట్ల పక్కపక్కనే, అవే ప్యానెళ్ళ వెనక నడుస్తాయి. ప్రాణావసరం కాని వస్తువు వల్ల ప్రాణం పోకూడదు. ఈ నియమాల సారమంతా అదే. ప్రయాణికులు, ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరింగ్) చదువుతున్న పిల్లలు, అమెరికాకి తల్లిదండ్రుల్ని పంపేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ఈ నియమాలు ఎవరు చేస్తారు? మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పాత్ర ఏమిటి?

అన్నిటికీ పైన 1944 నాటి షికాగో ఒప్పందం ఉంది. దాని ఎనిమిదో అనుబంధం విమానాల ఎగిరే యోగ్యత గురించి సభ్యదేశాలన్నీ పాటించాల్సిన కనీస ప్రమాణాలు చెబుతుంది. అసలు వివరమంతా దేశాల నియమావళుల్లో ఉంటుంది. పెద్ద ప్రయాణికుల విమానాలకు అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ రాసిన పార్ట్ 25, ఐరోపా సంస్థ ఈఏఎస్‌ఏ రాసిన సీఎస్-25 ముఖ్యమైనవి. ఈ రెండూ చాలావరకు ఒకే అంకెలతో, ఒకే క్రమంలో నడుస్తాయి.

మన విమానయాన సంస్థలు నడిపే బోయింగ్, ఎయిర్‌బస్‌ల డిజైన్‌ను మొదట ఆమోదించేది ఆ రెండు సంస్థలే. డీజీసీఏ ఆ సర్టిఫికెట్‌ను పరిశీలించి అంగీకరిస్తుంది. ఆపైన మన దేశంలో రిజిస్టరైన విమానం ప్రతిరోజూ ఆ స్థాయిలోనే ఉండేలా చూడటం డీజీసీఏ బాధ్యత. నిర్వహణ సంస్థల అనుమతులు, ఇంజనీర్ల లైసెన్సులు, ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌ల (లోపాన్ని తప్పక సరిచేయమనే ఆదేశాల) అమలు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. డీజీసీఏకి అధికారాలు ఇప్పుడు ఆ చట్టం నుంచే వస్తాయి.

విమానంలో కరెంటు మన ఇంట్లో కరెంటు లాంటిదేనా?

కాదు. మన ఇంట్లో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. చాలా విమానాల్లో జనరేటర్లు ఇచ్చేది 115 వోల్టులు, 400 హెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నగా, తేలికగా చేసుకోవచ్చు. ఆకాశంలో ప్రతి కిలో బరువుకీ ఇంధనం కాలుతుంది కాబట్టి ఈ లెక్క. బోయింగ్ 787లో 235 వోల్టుల సరఫరా కూడా ఉంది.

సీటు దగ్గరున్న ప్లగ్‌కి ఈ కరెంటు నేరుగా రాదు. సీటు కింద ఉన్న పెట్టె దాన్ని మామూలు ల్యాప్‌టాప్ చార్జర్‌కు సరిపడేలా, సాధారణంగా 110 వోల్టులు 60 హెర్ట్జ్‌కు మారుస్తుంది. ఒక్కో సీటుకు ఇంత అని వాటేజీ పరిమితి ఉంటుంది. అందరూ ఒకేసారి వాడి మొత్తం పరిమితి దాటితే వ్యవస్థ కొత్త ప్లగ్గులకు కరెంటు ఇవ్వడం ఆపేస్తుంది. మీ ప్లగ్ మధ్యలో ఆగిపోతే అది చెడిపోయిందని కాదు, చాలాసార్లు చేయాల్సిన పనే చేసిందని.

బ్రేకర్ ఉంటుంది కదా! తీగ పాడైతే అదే పడిపోతుంది కదా?

ఇంట్లో ఎంసీబీ చూసి అలవాటైన ఎవరికైనా వచ్చే ప్రశ్నే ఇది. విమానాల్లో దశాబ్దాలుగా వాడిన మామూలు బ్రేకర్ వేడికి స్పందిస్తుంది. ఎక్కువ కరెంటు కొంతసేపు పారితే లోపలి లోహపు పట్టీ వంగి సర్క్యూట్‌ను తెంచుతుంది. తీగ మీద భారం పెరిగితే, రెండు తీగలు గట్టిగా అతుక్కుంటే అది చక్కగా పని చేస్తుంది.

తీగ పైపొర అరిగి, రాగి బయటపడి, పక్కనున్న లోహానికి తగిలీ తగలనట్టు ఉంటే కథ వేరు. అక్కడ నిప్పురవ్వలు ఎగిరి ఆగుతాయి, మళ్ళీ ఎగురుతాయి. ఒక్కోటీ లిప్తపాటే ఉంటుంది. ఆ చోట వేడి వేల డిగ్రీలకు చేరుతుంది, కానీ సగటున పారే కరెంటు బ్రేకర్‌ను పడేసేంత ఉండదు. రాగి కరిగేటంత వేడి పుడుతున్నా బ్రేకర్ మాత్రం అంతా బాగానే ఉందనుకుంటుంది. ఇలాంటి రవ్వల్ని గుర్తుపట్టే ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు తర్వాత తయారయ్యాయి. పాత విమానాలన్నిటిలో వాటిని పెట్టడం మాత్రం జరగలేదు. ఈ విషయంలో నియంత్రణ సంస్థలు ఇంకొంచెం గట్టిగా అడగాల్సిందని నా అభిప్రాయం.

ఈ విషయం మాట్లాడేవాళ్ళంతా స్విస్ఎయిర్ 111 అంటారు. అప్పుడు ఏం జరిగింది?

1998 సెప్టెంబరు 2 రాత్రి న్యూయార్క్ నుంచి జెనీవాకు బయల్దేరిన ఎమ్‌డీ-11 విమానం అది. ఎగిరిన 53 నిమిషాలకు కాక్‌పిట్‌లో ఏదో వాసన వచ్చింది. పైలట్లు మొదట ఏసీ నుంచి వస్తోందనుకున్నారు. కొద్ది నిమిషాల్లో పొగ కనిపించింది. కెనడాలోని హాలిఫాక్స్ విమానాశ్రయం వైపు తిప్పారు. వాసన పట్టిన క్షణం నుంచి సముద్రంలో పడేదాకా మొత్తం 21 నిమిషాలే. చివరి ఆరు నిమిషాలకు దగ్గరగా రికార్డర్లు కూడా పని చేయలేదు. కెనడాలోని పెగ్గీస్ కోవ్ దగ్గర సముద్రంలో 229 మంది ప్రాణాలు పోయాయి.

కెనడా రవాణా భద్రతా బోర్డు నాలుగేళ్ళకు పైగా శ్రమించింది. శకలాల్ని దాదాపు మొత్తం సముద్రం అడుగు నుంచి తీసి, ముందుభాగాన్ని మళ్ళీ ముక్కముక్క పేర్చి, 2003 మార్చిలో నివేదిక ఇచ్చింది. కాక్‌పిట్ వెనక గోడ దగ్గర, కుడివైపు పైకప్పు లోపల మంట మొదలైందని తేల్చింది. ఆ ప్రాంతంలో నడిచే తీగల్లో ఒకదాని మీద రాగి కరిగి మళ్ళీ గడ్డకట్టిన గుర్తు దొరికింది. అది ప్రయాణికుల వినోద వ్యవస్థకు కరెంటు ఇచ్చే తీగ.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ నిప్పురవ్వకు మంట మొదలవడంతో సంబంధం ఉండి ఉండవచ్చని మాత్రమే బోర్డు అంది, మొట్టమొదటి రవ్వ అదేనని అనలేదు. "టీవీ తెరల వల్ల విమానం కూలింది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు ఈ సంగతి వదిలేస్తారు. బోర్డు అన్నిటికంటే ముందు తప్పుపట్టింది, మండే పదార్థాల్ని విమానంలో ఉండనిచ్చిన పరీక్షా ప్రమాణాల్ని. పైకప్పు లోపల చలి, శబ్దం తగ్గించడానికి పరిచిన దుప్పట్ల మీద మెటలైజ్డ్ మైలార్ అనే పలుచని మెరుపు పొర ఉండేది. అప్పటి నియమం ప్రకారం ఒక ముక్కను నిలువుగా వేలాడదీసి, బున్‌సెన్ బర్నర్ మంట కాసేపు తగిలించి చూసేవాళ్ళు. ఆ పొర మంటకు ముడుచుకుపోయి తప్పుకునేది. పరీక్ష పాసయ్యేది. నిజం విమానంలో నిప్పురవ్వ తగిలితే మాత్రం అంటుకుని పాకేది. 1993లో కోపెన్‌హేగెన్‌లో, 1995లో బీజింగ్‌లో నేల మీద ఉన్న విమానాల్లోనే ఇలాంటి దుప్పట్లు కాలాయి. ఆ హెచ్చరికల్ని సకాలంలో అందుకోలేదన్న బాధ ఆ నివేదిక చదివిన ప్రతిసారీ కలుగుతుంది.

వినోద వ్యవస్థలో తప్పు ఏమిటి మరి?

దానికి కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నారన్నదే తప్పు. ఎమ్‌డీ-11 కాక్‌పిట్‌లో క్యాబిన్ బస్ అనే స్విచ్ ఉంటుంది. బస్ అంటే కరెంటును చాలా పరికరాలకు పంచే ప్రధాన లైను. పొగ వచ్చి కారణం తెలియకపోతే పైలట్లు చేసే మొదటి పనుల్లో ఒకటి దాన్ని ఆపడం. క్యాబిన్ సౌకర్యాలన్నీ దాంతో ఆగిపోవాలి. కానీ కొత్తగా పెట్టిన ఆ వినోద వ్యవస్థకు చాలా ఎక్కువ కరెంటు కావాలి. క్యాబిన్ బస్ దానికి సరిపోదు. అందుకని వేరే ప్రధాన బస్ నుంచి లాగారు. పైలట్ స్విచ్ ఆపినా ఆ వ్యవస్థ నడుస్తూనే ఉంటుంది, ఆ సంగతి పైలట్లకు తెలియదు.

పైగా ఆ స్విచ్ ఆపగానే గాలి తిప్పే ఫ్యాన్లు ఆగి, పైకప్పులోని పొగ కాక్‌పిట్ వైపు మళ్ళింది. పొగ కారణం వెతికే చెక్‌లిస్ట్ పూర్తి చేయడానికే 20 నుంచి 30 నిమిషాలు పట్టేది. వాళ్ళకు అంత సమయం లేదు.

ప్రమాదం తర్వాత రెండు నెలలు తిరక్కముందే స్విస్ఎయిర్ ఆ వ్యవస్థల్ని ఆపేసింది. 1999లో ఎఫ్‌ఏఏ దాని అనుమతి రద్దు చేసింది. ఇతర కంపెనీల వినోద వ్యవస్థల అనుమతుల్నీ తిరగేసి, లోపాలున్న చోట డైరెక్టివ్‌లు ఇచ్చింది.

ఆ తర్వాత నియమాల్లో ఏం మారింది?

మొదట దుప్పట్లు. 2000లో ఎఫ్‌ఏఏ అమెరికాలోని ఏడు వందలకు పైగా విమానాల్లో మెటలైజ్డ్ మైలార్ తీసేయమంది, ఐదేళ్ళ గడువు ఇచ్చింది. 2003లో 25.856 నియమం తెచ్చింది. ఇప్పుడు పరీక్షలో దుప్పటి ముక్క మీద పైనుంచి వేడి పెట్టి మంట తగిలిస్తారు, అది పక్కకు పాకుతుందా లేదా చూస్తారు. ముడుచుకుని తప్పించుకోవడం ఇక కుదరదు.

తర్వాత తీగలు. స్విస్ఎయిర్ కంటే ముందే, 1996 జులైలో టీడబ్ల్యూఏ 800 అనే బోయింగ్ 747 న్యూయార్క్ దగ్గర పేలిపోయి 230 మంది చనిపోయారు. మధ్య ఇంధన ట్యాంకులో ఆవిరి అంటుకుంది. ట్యాంకు బయట ఎక్కడో షార్ట్ సర్క్యూట్ జరిగి, ఇంధన మట్టం కొలిచే సన్నటి తీగ ద్వారా ఎక్కువ వోల్టేజీ లోపలికి వెళ్ళి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. ఒకటి ట్యాంకు, ఇంకొకటి పైకప్పు. రెండింటి వెనకా వయసు మీద పడినవో, సరిగ్గా వేయనివో అయిన తీగలున్నాయన్న అనుమానం ఉంది.

ఈ రెండు ప్రమాదాల తర్వాత ఎఫ్‌ఏఏ నిపుణుల సంఘం వేసి, పాత విమానాల తీగల్ని విప్పి చూపించింది. చివరికి 2007 నవంబరులో పార్ట్ 25లో సబ్‌పార్ట్ హెచ్ అనే కొత్త అధ్యాయం వచ్చింది. అది ఈడబ్ల్యూఐఎస్ గురించి, అంటే విమానంలోని తీగలు, కనెక్టర్లు, క్లాంపులు, తొడుగులు అన్నీ కలిపి ఒక వ్యవస్థ. అంతకుముందు తీగ అంటే రెండు పెట్టెల్ని కలిపేది మాత్రమే. ఈ అధ్యాయంతో తీగ కూడా పెట్టెతో సమానమైంది. ఏ తీగ ఏ తీగకు ఎంత ఎడంగా ఉండాలి, అది విఫలమైతే విమానానికి ఏమవుతుంది, పేరు ఎలా ముద్రించాలి, మంటకు ఎలా తట్టుకోవాలి, మెకానిక్ చేతికి అందేలా ఎలా ఉంచాలి అన్నీ అందులో ఉన్నాయి. ఐరోపా కూడా మరుసటి ఏడే తన నియమావళిలో అలాంటి అధ్యాయం చేర్చింది.

నా దృష్టిలో వీటన్నిటిలో ముఖ్యమైనది 25.1709. భద్రతా విశ్లేషణ తీగకూ చేయాలని అది చెబుతుంది. అంతకుముందు వినోద వ్యవస్థ ప్రాణావసరం కాదు కాబట్టి లోతైన విశ్లేషణ అక్కర్లేదనేవాళ్ళు. పెట్టె ప్రాణావసరం కాకపోవచ్చు. దాని తీగ ఏ కట్ట పక్కన నడుస్తోందన్నది మాత్రం ప్రాణావసరమే.

ఇప్పుడు పెట్టే వినోద వ్యవస్థలకు ఆపే స్విచ్ తప్పనిసరా?

అవును. అదే 2007 సవరణలో 25.1357లో ఒక వాక్యం చేరింది. మామూలుగా ఆపి వేయాల్సిన అవసరమున్న వ్యవస్థకు బ్రేకర్‌నే స్విచ్‌లా వాడకూడదు, అందుకే తయారుచేసిన బ్రేకర్ అయితే తప్ప. వినోద వ్యవస్థలకు అంతకుముందే 2000లో ఎఫ్‌ఏఏ విధాన పత్రం ఇచ్చింది. సిబ్బంది సులువుగా కరెంటు తీసేయగలగాలి, పొగ వచ్చినప్పటి చెక్‌లిస్ట్‌తో ఆ స్విచ్ పొసగాలి అన్నది దాని ఉద్దేశం. కాక్‌పిట్‌లోనో క్యాబిన్ సిబ్బంది ప్యానెల్ మీదో ఉండే ఆ చిన్న స్విచ్ వెనక 229 మంది ఉన్నారు.

పాత విమానానికి కొత్త తెరలు, కొత్త సీట్లు పెడితే ఎవరు చూస్తారు?

తయారీ సంస్థ కాక మరొకరు డిజైన్ మారిస్తే ఎస్‌టీసీ, అంటే సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్ కావాలి. స్విస్ఎయిర్ వ్యవస్థకూ అది ఉంది! కాగితం లేక కాదు ఆ ప్రమాదం జరిగింది. ఎఫ్‌ఏఏ తన అధికారాన్ని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ చేసిన ఆమోద ప్రక్రియలో కొత్త వ్యవస్థ ఎమ్‌డీ-11 అత్యవసర పద్ధతులతో పొసుగుతుందా అన్నది పట్టించుకోలేదు.

అధికారం అప్పగించడం నేటికీ ఉంది. అది లేకుండా ఇన్ని వేల మార్పుల్ని ఏ ప్రభుత్వ సంస్థా సొంతంగా పరిశీలించలేదు. కాబట్టి అడగాల్సింది అప్పగించారా లేదా అని కాదు, అప్పగించాక ఎంత గట్టిగా చూస్తున్నారని. ఎయిర్ ఇండియా ఇప్పుడు 40 కోట్ల డాలర్ల ఖర్చుతో పాత విమానాల క్యాబిన్లు మార్పిస్తోంది. కొత్త సీటు అంటే కుషన్ మాత్రమే కాదు, దానికి మోటార్లు, తెర, చార్జింగ్ పెట్టె, వాటి తీగలు. ప్రతి మార్పుకీ విమానం మొత్తం కరెంటు లెక్క మళ్ళీ వేయాలి. ఏ బస్ మీద ఎంత భారం పడుతోంది, ఒక జనరేటర్ పోతే ముందుగా ఏది ఆగాలి అని చూడాలి. ముందుగా ఆగాల్సినవి ఎప్పుడూ సినిమాలు, ఓవెన్లే.

తీగలు ఊరికే ఎందుకు పాడవుతాయి?

పెద్ద విమానంలో వందల కిలోమీటర్ల తీగ ఉంటుంది, అది నిరంతరం అదురుతుంది. క్లాంపు వదులైతే అంచుకు రాసుకుంటుంది. డ్రిల్ చేసినప్పుడు పడిన లోహపు రజను తీగల కట్టలో దిగబడుతుంది. దుప్పట్ల నుంచి, బట్టల నుంచి ఊడే నూగు ఏళ్ళ తరబడి పేరుకుని, నిప్పురవ్వ పడితే అంటుకునే దూదిలా తయారవుతుంది. టాయ్‌లెట్ ద్రవం, కాఫీ, కూల్‌డ్రింకులు కారతాయి. పైపొరగా వాడే పాలీఇమైడ్ అనే రకం తేలికగా, గట్టిగా ఉన్నా, ఒకసారి రవ్వ పుడితే అది బొగ్గుగా మారి కరెంటును తనమీదుగా నడిపిస్తుంది, మంట తీగ వెంట పాకుతుంది.

అందుకే ఇప్పటి తనిఖీల్లో విమానాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో తీగలు ఎలా ఉన్నాయి, దగ్గర్లో మండేవి ఏమున్నాయి అని చూసే పద్ధతి పెట్టారు. శుభ్రం చేయడం కూడా అందులో పనే. పైప్యానెల్ విప్పిన మెకానిక్ తన పని పూర్తయ్యాక రజను, నూగు తీసేసి మూస్తే, అది ఎన్నో కాగితాలకంటే ఎక్కువ భద్రత.

గ్యాలీ, టాయ్‌లెట్ల సంగతి?

ఇక్కడ నీళ్ళూ కరెంటూ పక్కపక్కనే ఉంటాయి, అదే చిక్కు. 2008 జనవరిలో లండన్ నుంచి బ్యాంకాక్ వస్తున్న క్వాంటాస్ 747లో ముందు గ్యాలీ నీళ్ళు పొంగి నేల కిందకి కారాయి. కింద ప్రధాన పరికరాల గది ఉంది. నాలుగు జనరేటర్లలో మూడింటి నియంత్రణ పెట్టెలు తడిసి ఆగిపోయాయి. విమానంలో చాలా వ్యవస్థలు బ్యాటరీ మీదకు వచ్చాయి. దిగడానికి దగ్గరగా ఉంది కాబట్టి క్షేమంగా దిగింది. సముద్రం మధ్యలో అయ్యుంటే?

అదే కోవలో, 1998 జనవరిలో జ్యూరిచ్ నుంచి వాషింగ్టన్ వెళ్తున్న ఒక 767 తీగలు కాలి హీత్రూలో దిగింది. గ్యాలీని చల్లబరిచే యంత్రాన్ని తిరిగి బిగించేటప్పుడు తీగల కట్ట దెబ్బతింది. ఇప్పటి 25.1365 నియమం ఓవెన్లు, కాఫీ యంత్రాల గురించే ఉంది. అవి వేడెక్కి మండకూడదు, వాటి నుంచి ఒలికినది ఇతర పరికరాల్ని పాడుచేయకూడదు.

బ్రేకర్ పడితే మళ్ళీ వేయొచ్చా?

1983 జూన్ 2న ఎయిర్ కెనడా 797 అనే డీసీ-9 డాలస్ నుంచి టొరంటో వెళ్తోంది. వెనక టాయ్‌లెట్ ఫ్లష్ మోటారు బ్రేకర్లు మూడూ పడ్డాయి. కెప్టెన్ మళ్ళీ వేసి చూశాడు, నిలవలేదు. తర్వాత ఇంకోసారి ప్రయత్నించాడు. కొద్దిసేపటికే టాయ్‌లెట్ నుంచి పొగ వచ్చింది. సిన్సినాటిలో దింపారు, కానీ తలుపులు తెరిచిన నిమిషం, నిమిషంన్నర లోపే లోపలంతా ఒక్కసారిగా అంటుకుంది. 46 మందిలో 23 మంది బయటికి రాలేకపోయారు. మంట ఎలా మొదలైందో తేలలేదు, మోటారే కారణమని దర్యాప్తు చెప్పలేదు. అయినా పడిన బ్రేకర్ ఏదో చెబుతోందన్న సంగతి అందరికీ గట్టిగా తెలిసొచ్చింది.

ఇప్పుడు ఎఫ్‌ఏఏ సలహా స్పష్టం. గాల్లో ఉండగా పడిన బ్రేకర్‌ను, సురక్షితంగా దిగడానికి అది తప్పనిసరి అయితే తప్ప, మళ్ళీ వేయకూడదు. సిబ్బంది మీ సీటు తెర బ్రేకర్‌ను వేయనని అంటే దయచేసి వాదించకండి. క్యాబిన్ నేల మీద దారి చూపే దీపాలు, టాయ్‌లెట్‌లో పొగ పసిగట్టే పరికరాలు, సీటు కుషన్లకు మంటను ఆపే పొర, ఇవన్నీ ఆ ప్రమాదం తర్వాత తప్పనిసరి అయ్యాయి.

సీటు తెర, ఏసీ పని చేయలేదు. విమానం ప్రమాదంలో ఉన్నట్టా?

2025 జూన్ 12న అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత, అదే విమానంలో అంతకుముందు వచ్చిన ఒక ప్రయాణికుడు తెరలు పని చేయలేదంటూ వీడియో పెట్టడంతో ఈ ప్రశ్న ఇంటింటికీ వెళ్ళింది. ఆ ప్రమాదంపై తొలి నివేదిక ఇంజన్లకు ఇంధనం ఆపే స్విచ్‌ల స్థానం మారడం గురించి చెప్పింది, వినోద వ్యవస్థను కారణంగా చూపలేదు. ఇంతమందిని పోగొట్టుకున్న కుటుంబాల ముందు ఊహలు పేర్చడం న్యాయం కాదు.

మామూలుగా అయితే, పని చేయని తెర అంటే పని చేయని తెరే. ప్రతి విమానానికీ ఎంఈఎల్ అనే ఆమోదిత జాబితా ఉంటుంది. ఏది పని చేయకపోయినా ఎగరవచ్చు, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి అని అందులో ఉంటుంది. కరెంటు తీసేసి పక్కన పెట్టిన వస్తువు నిజానికి ఏ హానీ చేయదు. భయపడాల్సింది ఆగిన తెరకు కాదు, మినుకుమినుకుమంటూ, వేడెక్కుతూ, వాసన వేస్తున్న తెరకు. అది కనిపిస్తే వెంటనే సిబ్బందికి చెప్పండి.

787 బ్యాటరీల గొడవ ఏమిటి?

2013 జనవరి 7న బోస్టన్‌లో ఆగి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ 787లో లిథియం బ్యాటరీ కాలింది. 16న జపాన్‌లో ఇంకో 787 పొగతో అత్యవసరంగా దిగింది. ఎఫ్‌ఏఏ ఆ రకం విమానాల్ని నేల మీదే నిలిపింది. అప్పటికి ఎయిర్ ఇండియా దగ్గరున్న ఆరూ ఆగిపోయాయి. కోటి గంటలు ఎగిరితే ఒక్కసారి కూడా పొగ రాదని సర్టిఫికేషన్‌లో అంచనా కట్టారు. లక్ష గంటలు కూడా ఎగరకముందే రెండుసార్లు జరిగింది. ఒక సెల్ మండితే పక్క సెల్ అంటుకోదని అనుకున్నారు, అది తప్పింది. సెల్‌ల మధ్య అడ్డు, చుట్టూ ఉక్కు పెట్టె, పొగను నేరుగా బయటికి పంపే గొట్టం పెట్టాక ఆ ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చారు.

పవర్ బ్యాంక్ విషయంలో ఇంత కట్టడి ఎందుకు?

ఇన్ని నియమాలతో తీగల్ని అదుపులో పెట్టిన క్యాబిన్‌లోకి, ఏ పరీక్ష పాసయ్యిందో తెలియని బ్యాటరీని ప్రయాణికుడే మోసుకొస్తాడు కాబట్టి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం పైఅరలో మంట పుట్టింది. 176 మందీ బయటపడ్డారు, విమానం పైభాగం కాలిపోయింది. పవర్ బ్యాంక్ లోపల ఇన్సులేషన్ పాడై ఉంటుందని దర్యాప్తు సూచించింది. మార్చి నుంచి కొరియా పవర్ బ్యాంకుల్ని పైఅరలో పెట్టనివ్వడం లేదు. ఆ అక్టోబరులో మన ఢిల్లీలో కూడా, దిమాపూర్ వెళ్ళాల్సిన విమానం నేల మీద కదులుతుండగా ప్రయాణికుడి పరికరం అంటుకుంటే సిబ్బంది ఆర్పారు. ఆ తర్వాత డీజీసీఏ కూడా విమానంలో పవర్ బ్యాంక్ వాడకం మీద ఆంక్షలు పెట్టింది.

మీరు చేయాల్సింది ఇది. పవర్ బ్యాంకు చెక్-ఇన్ సామానులో ఎప్పుడూ పెట్టొద్దు. 100 వాట్-అవర్ల లోపువి చేతి సంచిలో తేవచ్చు, 100 నుంచి 160 వరకు సంస్థ అనుమతితో మాత్రమే, అదీ రెండే. పైఅరలో కాక కళ్ళెదురుగా ఉంచుకోండి. ఉబ్బినది, కింద పడినది, పేరూ అంకెలూ లేని చవకది ఇంట్లోనే వదిలేయండి.

ఫోన్ సీటు సందులో పడిపోయింది, సీటు జరిపి తీసుకోవచ్చా?

వద్దు. మోటారు సీటును కదిపితే ఫోన్ నలిగి బ్యాటరీ పగులుతుంది, అక్కడికక్కడే మండుతుంది. కదలకుండా సిబ్బందిని పిలవండి. బ్యాటరీ అంటుకుంటే వాళ్ళు మొదట హాలాన్ అనే మంట ఆర్పే వాయువుతో మంట తగ్గించి, తర్వాత నీళ్ళు పోసి చల్లబరుస్తారు. మంట ఆరినా లోపలి సెల్‌లు వేడిగా ఉంటే మళ్ళీ అంటుకుంటుంది కాబట్టి ఆ నీళ్ళు తప్పనిసరి.

అమ్మానాన్న అమెరికా వస్తున్నారు. నిద్రలో ఊపిరికి సాయపడే సీపాప్ యంత్రాన్ని సీటు ప్లగ్‌కి పెట్టొచ్చా?

దాని మీద ఆధారపడొద్దు. పైన చెప్పినట్టు ఆ ప్లగ్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు, పొగ అనుమానం వస్తే సిబ్బందే ఆపేస్తారు. అన్ని సీట్లకూ ఉండదు కూడా. అమెరికా రవాణా శాఖ నియమాల ప్రకారం, ఊపిరి పరికరాలకు ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు వచ్చే బ్యాటరీలు తెమ్మని సంస్థ అడగవచ్చు. హైదరాబాద్ నుంచి డాలస్ దాకా ఎంతసేపో, మధ్యలో ఎక్కడ ఆగుతారో లెక్కేసుకుని కొనండి. విమానంలో వాడటానికి పనికొస్తుందన్న ముద్ర యంత్రం మీద ఉందో చూడండి, టికెట్ తీసుకునే ముందే సంస్థకు చెప్పండి. బ్యాటరీ ఎలా మార్చాలో అమ్మకూ నాన్నకూ ఇంట్లోనే ఒకసారి చేయించి చూడండి.

ఫ్లైట్ మోడ్ కూడా ఈ భద్రతలో భాగమేనా?

అది వేరు. అది రేడియో తరంగాల విషయం. ఎఫ్‌ఏఏ 2013 అక్టోబరులో, డీజీసీఏ 2014లో ఫ్లైట్ మోడ్‌లో ఫోన్లు మొదటి నుంచి చివరిదాకా వాడటానికి దారి ఇచ్చాయి. చార్జింగ్, బ్యాటరీ నియమాలకు దాంతో సంబంధం లేదు.

కాలిన వాసన వస్తే చెప్పాలా? తొందరపడి చెప్పి పరువు పోగొట్టుకుంటామేమో?

చెప్పండి, వెంటనే. ఎక్కడ, ఎప్పటినుంచి, ప్లాస్టిక్ కాలినట్టా, రబ్బరు కాలినట్టా, సిబ్బందికి ఇదంతా ఉపయోగపడుతుంది. గోడ ప్యానెల్ చేత్తో తాకితే వేడిగా ఉందా అని వాళ్ళు చూస్తారు, తెరలకు, ప్లగ్గులకు కరెంటు తీసేస్తారు, కెప్టెన్‌కు చెబుతారు. ప్యానెల్ వెనక మంటను ప్రయాణికులే ముందు పసిగట్టే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే అక్కడ పొగ పసిగట్టే పరికరాలు సాధారణంగా ఉండవు. ఓవెన్‌లో మాడిన రొట్టె అయితే మంచిదే, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు.

ఈ పని నేర్చుకోవాలంటే తెలుగు రాష్ట్రాల్లో దారి ఉందా?

ఉంది. డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ లైసెన్సుల్లో బీ2 విభాగం ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్), విద్యుత్ వ్యవస్థలది. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్ళు అనుమతి పొందిన శిక్షణా సంస్థలో చేరవచ్చు. సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టే ముందే చూసుకోండి. శంషాబాద్‌లో జీఎమ్‌ఆర్ ఏరో టెక్నిక్ పెద్ద విమానాల భారీ తనిఖీలు చేస్తుంది. అక్కడే సఫ్రాన్ కర్మాగారంలో ఇంజన్లకు కావాల్సిన తీగల హార్నెస్‌లు, అంటే కట్టలు, కడతారు. చేరినవాళ్ళు మొదటి రోజుల్లోనే తీగ పొట్టు తీయడం, క్రింప్ చేయడం (కొనను కనెక్టర్‌లో నొక్కి బిగించడం), క్లాంపు బిగించడం నేర్చుకుంటారు, అది చిన్న పని అనుకోవద్దు. పైన చెప్పిన ప్రమాదాల్లో కొన్ని సరిగ్గా ఆ దశలోనే ఆగిపోగలిగేవి.